ఉన్న స్థితిలోనే ఉండమంటే, ఎదగొద్దనా?

మిర్చియార్డు_అబ్బాయి (గుంటూరు):
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా సంఘంలో బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 7వ అధ్యాయం మీద వాక్యం చెప్పారు. ఏ స్థితిలో పిలవబడ్డావో ఆ స్థితిలోనే దేవునితో ఉండు అనే భాగం. పాస్టర్ గారు దాన్ని ఉద్యోగాల మీదకు తెచ్చి, విశ్వాసికి హోదా మీద ఆశ ఉండకూడదు, ఉన్నదాంతో తృప్తి పడాలి అన్నారు. మా నాన్న యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) మోస్తారు. నేను గ్రూప్-2కి చదువుతున్నాను. ఇది అవిశ్వాసమా? సూటిగా చెప్పండి.

గుణదల_విశ్వాసి (విజయవాడ):
చదువుకో తమ్ముడూ, ఎవరు వద్దన్నారు? కానీ పాస్టర్ గారి మాటలో నిజముంది. ఉద్యోగం రాగానే "సార్" అని పిలిపించుకోవడమే బతుకైపోతుంది, క్రీస్తులో నేనెవరో అన్నది వెనక్కి పోతుంది. లేమిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. అదీ సంకెళ్లలో ఉండి. మనకు ఆ మాట చేదుగా ఉంటే లోపం మాటలో లేదు.

బ్రాడీపేట_అక్క (గుంటూరు):
బ్రదర్, ఆ ఫిలిప్పీ పట్టణంలోనే కదా పౌలునూ సీలనూ విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి చెరసాలలో వేసింది! తెల్లారాక అధికారులు గుట్టుగా పంపించేయాలని చూస్తే పౌలు కదల్లేదు. మేం రోమా పౌరులం, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. అపొస్తలుల కార్యములు 16 చూడండి. తృప్తి గురించి రాసిన మనిషే ఇలా పట్టుబట్టాడు. కొరింథీలో కూడా 21వ వచనం దాటేయకూడదు. దాసుడిగా పిలవబడితే చింతపడొద్దంటూనే, స్వతంత్రుడివయ్యే వీలుంటే అదే మంచిదంటాడు.

ఇంకోమాట. తృప్తి పాఠమంతా చాపల మీద కూర్చున్నవాళ్లకేనా? నేను వెళ్లే మందిరంలో ముందు వరస కుషన్ కుర్చీలు కార్లలో వచ్చేవాళ్లకు. మోకాళ్ల నొప్పులతో ఒక పెద్దావిడ అందులో కూర్చుంటే, "అమ్మా, కొంచెం వెనక్కి" అని లేపేశారు. ఆవిడ చేతిసంచీ, బైబిలూ సర్దుకుని గోడ పట్టుకుని వెళ్లింది. యాకోబు 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్ల దగ్గర చోటు అని మందలించింది దీన్నే.

గుణదల_విశ్వాసి:
కుర్చీల సంగతిలో మీరన్నదే న్యాయం అక్కా. అయినా హక్కు అడగడం వేరు, హోదా కోసం తపించడం వేరు.

పటమట_లాయర్ (విజయవాడ):
ఆ రెండూ వేరు చేయడం అందరికీ అంత తేలిక కాదండీ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే బాప్తిస్మం తీసుకున్నా కాగితాల్లో చెప్పనివాళ్లున్నారు. వాళ్లను వేషధారులనడానికి నాకు నోరు రాదు. బాప్తిస్మంతో ఇల్లు వాడలోంచి ఊళ్లోకి మారదు.

మిర్చియార్డు_అబ్బాయి:
21వ వచనం ఇప్పుడే చదివాను. ఆదివారం ఆ మాట చదవలేదు. పాస్టర్ గారిని అడగాలనుంది.

బ్రాడీపేట_అక్క:
అడుగు తమ్ముడూ. నలుగురిలో కాదు, ఇంటికి వెళ్లి మర్యాదగా అడుగు. నాన్నగారిని కూడా తీసుకెళ్లు. ఆ వాక్యం విని ఆయనేమనుకున్నారో ఇంతవరకూ మనమెవరమూ అడగలేదు.