పులి కనబడకపోతే టికెట్ డబ్బులు దండగేనా?

ఇద్దరు పిల్లల తండ్రి

దసరా సెలవుల్లో పిల్లల్ని జూకి తీసుకెళ్లాం. ఏ జూ అన్నది చెప్పను, గొడవ దాని మీద కాదు. పెద్దపులి ఎన్‌క్లోజర్‌ని కొత్తగా బాగు చేశారు. లోపల వెదురు పొదలు, నిలువెత్తు గడ్డి, రాళ్ల గుట్ట, చిన్న మడుగు. అచ్చం అడవిలాగే ఉంది. పులి మాత్రం లేదు. ముప్పావు గంట నిలబడితే పొదల్లో ఏదో ఒకసారి కదిలింది. అది తోకా, ఎండు కొమ్మా అన్నది మా ఆవిడకీ నాకూ ఇప్పటికీ తేలలేదు. చిన్నది ఏడుపు లంకించుకుంది.

ఆ పక్కనే పాతకాలపు ఎన్‌క్లోజర్ ఇంకోటి ఉంది. కింద సిమెంటు గచ్చు, ముందు ఇనుప జాలీ. అందులో చిరుత ఎదురుగా, చేతికందేంత దూరంలో. జనమంతా అక్కడే. కానీ అది జాలీ వెంబడి ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి తిరుగుతూనే ఉంది. ప్రతిసారీ ఒకే చోట తల అదే తీరుగా తిప్పుతోంది. అది నడిచినంత మేరా గచ్చు నున్నబడి మెరుస్తోంది. మా పెద్దోడు కాసేపు చూసి, "నాన్నా, దానికేమైనా టెన్షనా?" అన్నాడు.

ఇంటికొచ్చినా అదే ఆలోచన. దాక్కునే చోటిస్తే మనకి కనిపించదు. కనిపించేలా పెడితే అది అలా తిరుగుతుంది. టికెట్ కొన్నవాడికి జంతువు కనిపించి తీరాలా? మీరేమంటారు?

బహదూర్‌పురా బస్‌స్టాప్

కనిపించాలి బ్రదర్. అందులో డౌటేముంది?

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్ జూ దగ్గర్లోనే. 1963 అక్టోబర్‌లో తెరిచిన కొత్తలో మా తాత వెళ్లొచ్చి ఏడాది పాటు అవే కబుర్లు చెప్పాడట. ఆదివారం గేటు దగ్గర నిలబడి చూడండి, ఎవరొస్తారో తెలుస్తుంది. ఆటో నడిపేవాళ్లు, మేస్త్రీలు, కూరగాయల బండివాళ్లు. బురఖా వేసుకున్న అమ్మల చేతుల్లో బగారన్నం డబ్బాలు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల సంచుల్లో పులిహోర. వీళ్లలో మహారాష్ట్రలో తడోబా పులుల అడవికి పోయి సఫారీ జీపు కిరాయి కట్టి పులిని చూసేవాళ్లు ఎంతమంది? వీళ్లు పులిని చూసే చోటు ఇదొక్కటే. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, అయినా ఏడాదికోసారి జూకి పోదాం అంటుంది. ఆమెను అంత దూరం నడిపించి పొదలు చూపించాలా? పొదలు మా ఇంటెనకే ఉన్నాయి.

పచ్చిమిర్చి

ఎన్‌క్లోజర్ బాగుచేయడమేంటి, జైలు గోడకి సున్నం కొట్టినట్టు? జూలన్నీ మూసేయాలి. ఆ పులి ఏం నేరం చేసిందని యావజ్జీవం?

కాపాడుతున్నాం అంటారు. 2000 అక్టోబర్‌లో హైదరాబాద్ జూలో సఖి అనే ఆడపులిని దాని ఎన్‌క్లోజర్‌లోనే చంపి చర్మం ఒలుచుకుపోయారు. అదే ఏడాది ఒడిశాలో నందన్‌కానన్ పులులు జబ్బుతో ఒకదాని వెంట ఒకటి చచ్చిపోయాయి. పిల్లలకి చూపించాలంటే టీవీలో కావలసినంత ఉంది.

పెదవాల్తేరు

మూసేసి వాటిని ఎక్కడికి పంపుదామంటారండీ?

మా విశాఖ జూకి, తిరుపతి జూకి అనుబంధంగా రెస్క్యూ సెంటర్లు ఉన్నాయి. సర్కస్‌లో సింహాలు, పులులు, ఎలుగుల చేత ఆటలాడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు సరేనంది. అప్పుడు బోనుల్లోంచి బయటపడ్డ సింహాల్ని ఇలాంటి సెంటర్లకే తెచ్చారు. వాటిలో చాలావరకు ఆసియా, ఆఫ్రికా రక్తాలు కలిసిన సంకరజాతివి. అటు గుజరాత్‌లో ఆసియా సింహాలుండే గిర్ అడవికి పంపలేరు, ఇటు ఆఫ్రికాకి పంపలేరు. వేటాడ్డం ఎలాగో వాటికి తెలియదు. పిల్లలు పుట్టకుండా చూస్తూ, బతికినన్నాళ్లు తిండి పెట్టి సాకడమే మిగిలిన దారి.

అసలు ప్రశ్నకొస్తే నేను పొదల పక్షం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది కదా. కంబాలకొండ అడవి అంచున పచ్చగా ఉండే జూ ఒక్క రోజులో బోసిపోయింది. మళ్లీ తెరిచాక వెళ్లాం. జంతువులన్నీ ఎంత స్పష్టంగా కనిపించాయో! నీడ లేదు మరి, ఎక్కడికి పోతాయి? ఎండలో గోడవార నిలబడ్డ దుప్పుల్ని చూసి, ఫొటో తీయబోయి ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

ఖాకీ చొక్కా

ఇది చదివి ఊరుకోలేకపోయాను. కొన్నేళ్లు ఒక జూలో కాంట్రాక్టు మీద యానిమల్ కీపర్‌గా చేశాను. మీరంతా మాట్లాడేది ముందు వైపు గురించే. వెనక వైపు ఎవరికీ కనపడదు కాబట్టి ఎవరూ అడగరు.

జూ తొమ్మిదింటికి తెరిచి ఐదింటికి మూస్తారనుకోండి. పులి బయట తిరిగేది ఆ ఎనిమిది గంటలే. మిగతా పదహారు గంటలు నైట్ హౌస్‌లో ఉంటుంది. బయటి ఎన్‌క్లోజర్ ఒక జంట పులులకు కనీసం 1000 చదరపు మీటర్లు ఉండాలని జూలకు నియమాలు పెట్టే సెంట్రల్ జూ అథారిటీ కొలత. అంటే పావు ఎకరం. మరి నైట్ హౌస్ గది? కనీస కొలత 2.75 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు. మన లెక్కలో తొమ్మిదడుగులు, ఆరడుగులు. డబల్ కాట్ మంచం వేస్తే నడవడానికి చోటుండదు. పెద్ద గదులు కట్టొద్దని ఎవరూ అనలేదు, కనీసం అది అన్నారంతే. కట్టేవాళ్లు ఎక్కడ ఆగుతారో మీకు తెలుసు.

అందుకే "కొత్త ఎన్‌క్లోజర్" అని రిబ్బన్ కత్తిరిస్తుంటే నాకు నవ్వొచ్చేది. ముందు జలపాతం, వెనక అదే పాత గది. గది నేల వాలుగా ఉందా, కడిగిన నీళ్లు నిలుస్తున్నాయా, పడుకోడానికి చెక్క బల్ల ఉందా, వేసవిలో గాలి ఆడుతుందా? అరిపాదాలు తడిలో నాని పుండ్లు పడ్డ జంతువుకి జలపాతం ఎందుకు?

గచ్చు మీద తిరిగే చిరుత గురించి రాశారు. నాకు బాగా తెలిసిన సంగతి. మా దగ్గర ఒక ఆడ చిరుత ఉండేది. జనం పెరిగేకొద్దీ తిరుగుడు పెరిగేది. చిరుతకి కావలసింది విశాలం కాదండీ, ఎత్తు. మనకంటే పైన ఉంటే దానికి ధైర్యం. కొట్టేసిన తుమ్మ దుంగలు నాలుగు పాతి, ఎనిమిదడుగుల ఎత్తున పలకలతో మంచె కట్టాం. ఒక పక్కన గోనెపట్టా వేలాడదీశాం, చాటు కావాలంటే ఉంటుందని. మూడు రోజులు దాని వంకే చూడలేదు. మా సూపర్‌వైజర్ "నీ మంచె మీద నువ్వే పడుకో" అన్నాడు. నాలుగో రోజు సాయంత్రం లోపలికి పిలుద్దామని వెళ్తే పైన ఉంది. పట్టా చాటున కాదు! పట్టాకి వీపు ఆనించి, జనం వైపు మొహం పెట్టి, ముందు కాలొకటి కిందికి వేలాడేసి నిద్రపోతోంది. కింద వందమంది అరుస్తున్నారు. చెవి కూడా కదల్చలేదు.

దాక్కునే చోటు ఉందని తెలిస్తే దాక్కోవలసిన పని తగ్గుతుంది. అన్నీ అలాగే చేస్తాయని చెప్పను. మా మగ తోడేలు ఒకటి ఎన్ని చేసినా బొరియలోంచి బయటికొచ్చేది కాదు.

సియాటిల్ వాన

ఖాకీ చొక్కా గారూ, మీ మంచె కథ మా పిల్లలకి చదివి వినిపించాను.

మాది తెనాలి, ఉండేది సియాటిల్. ఇక్కడ వుడ్‌ల్యాండ్ పార్క్ జూలో 1970ల చివర్లో గొరిల్లాలను కాంక్రీటు గదుల్లోంచి తీసి, నిజం చెట్లూ తుప్పలూ ఉన్న చోట వదిలారు. ప్రపంచంలో చాలా జూలు దాన్ని చూసే మారాయంటారు. అక్కడ మనం చూసే చోటు కూడా చెట్ల మధ్యే ఉంటుంది. ఒకే పెద్ద గోడ దగ్గర అందరూ గుమిగూడే పద్ధతి కాదు. కొన్నిసార్లు ఏమీ కనపడదు. ఎవరూ కొట్లాడరు, కాఫీ తాగి మళ్లీ వస్తారు.

ఇంకో సంగతి. ఊచలు తీసేసి కందకం పెట్టడం జంతువు కోసం అనుకుంటాం. 1907లో జర్మనీలో హ్యాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ తన జూలో దాన్ని పెట్టింది ప్రధానంగా మన కంటి కోసమే. ఊచలు అడ్డం లేకుండా సింహాన్ని చూడాలని. ఏ జంతువు ఎంత దూరం దూకుతుందో కొలిచి మరీ కందకాలు తవ్వించాడు. మనం దూకుతామని మాత్రం లెక్క వేసినట్టు లేదు. 2014లో ఢిల్లీ జూలో తెల్లపులి కందకంలో పడ్డ కుర్రాడు, 2024 ఫిబ్రవరిలో తిరుపతిలో సింహం ఎన్‌క్లోజర్‌లోకి దూకిన మనిషి, ఇద్దరూ ప్రాణాలతో బయటికి రాలేదు.

బహదూర్‌పురా బస్‌స్టాప్

అన్నా, సియాటిల్‌లో కాఫీ తాగి మళ్లీ వస్తారు. ఇక్కడ రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు మళ్లీ రావడమంటే వచ్చే ఏడాదే. కీపర్ గారి మంచె ముచ్చట బాగుంది, కాదనను. కానీ "మీరు ఓపిక పట్టడం నేర్చుకోండి" అని పేదోడికే చెప్పడం బాగలేదు. సఫారీకి డబ్బులు పెట్టినోడికి గైడ్ వాకీటాకీలో మాట్లాడి పులి దగ్గరికి తీసుకుపోతాడు. అక్కడ ఎవరూ ఓపిక గురించి చెప్పరు.

పెదవాల్తేరు

ఈ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

లెక్కల మాస్టారు

భావాలు సరే, పైసల సంగతి మాట్లాడుకుందాం. కొత్త జంతువు వస్తే పేపర్లో ఫొటో పడుతుంది, గేటు కలెక్షన్ పెరుగుతుంది. డ్రైనేజీ బాగు చేస్తే ఎవడూ రాడు. అందుకే జూలు తెల్లపులుల వెంట పడ్డాయి. తెల్లపులి వేరే జాతి అని చాలామంది అనుకుంటారు, కాదు. 1951లో రేవా మహారాజు పట్టించిన మోహన్ అనే పులి వంశాన్నే లోపల్లోపల కలిపి పెంచారు. అందుకే చాలావాటికి మెల్లకన్ను. అడవికి వాటి వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ జాగా, ఆ మేత ఇంకో జాతికి పెట్టొచ్చు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా హైదరాబాద్ జూలోనే ఉంది. మూషిక జింక. కుందేలంత జంతువు, రాత్రిళ్లు తిరుగుతుంది, చీమ చిటుక్కుమంటే మాయం. 2010లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ అనే వన్యప్రాణి ల్యాబ్‌తో కలిసి వీటి సంతతి పెంచడం మొదలుపెట్టారు. తర్వాత కొన్నింటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. జూకి వెళ్లే వందమందిని అడగండి, తొంభైమందికి ఆ పేరే తెలియదు. నన్నడిగితే ఆ జూ చేసిన పెద్ద పని అదే, అదీ జనం కంట పడకుండా.

పచ్చిమిర్చి

మూషిక జింక ఒప్పుకుంటాను. సర్కస్ సింహాలూ ఒప్పుకుంటాను. అయితే ఆ రెండు పనులకే జూని ఉంచండి. చూడ్డానికి టికెట్ ఎందుకు మరి?

లెక్కల మాస్టారు

ఆ రెండు పనులకి జీతాలు, మేత ఖర్చు ఎక్కడ్నుంచి వస్తాయనుకున్నారు తల్లీ?

సైన్స్ టీచరమ్మ

ఏటా అరవైమంది పిల్లల్ని తీసుకెళ్తాను. పొదలా గచ్చా అని కొట్టుకుంటున్నారు గానీ, అద్దాల మీద బాదేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరేం? పోయినసారి ఒకాయన నిద్రపోతున్న ఎలుగు మీదికి వాటర్ బాటిల్ విసిరాడు. "లేపుతున్నా మేడమ్, మీ పిల్లల కోసమే" అన్నాడు! వన్యప్రాణి చట్టంలో 38జె సెక్షన్ ఉంది. జూలో జంతువుని ఏడిపించడం, గోల చేసి బెదరగొట్టడం, ఏదైనా తినిపించడం నేరమే. ఆ బోర్డు చదివినవాళ్లని నేనైతే చూడలేదు.

ఖాకీ చొక్కా

ఆ "లేపడం" ఎందుకొస్తుందో చెప్తాను మేడమ్. ఎలుగుకి పగలు చేయడానికి పనేమీ ఉండదు. తిండి సాయంత్రం గిన్నెలో వస్తుంది, పది నిమిషాల్లో అయిపోతుంది. అడవిలో అయితే చెదల పుట్టలు తవ్వుకుంటూ గంటలు గడిపేది. మేం దుంగలకి బొక్కలు పెట్టి తేనె పూసి లోపల పారేసేవాళ్లం. పొద్దున వేస్తే పదిన్నర దాకా అదే పని. మూతి బొక్కకి ఆనించి లాగుతుంటే ఆ చప్పుడు రోడ్డు అవతలికి వినపడేది. జనం నోరు తెరుచుకుని చూసేవాళ్లు, ఒక్కడు బాటిల్ విసరలేదు. ఖర్చు? తేనె సీసా, డ్రిల్లింగ్ మిషను.

బహదూర్‌పురా బ్రదర్ అడిగినదానికి నా దగ్గరున్నది ఇదొక్కటే. పొదలు ఉంచి, తిండిని మాత్రం జనం వైపు, వేళ తెలిసేలా పెట్టాలి. ఫలానా టైముకి పులికి తిండి వేస్తారని గేటు దగ్గర రాస్తే మీ అమ్మగారు ఆ టైముకే వస్తారు. మళ్లీ ఒక మాట, వారానికోరోజు పులికి పస్తు పెడతారు. ఆ రోజు నన్ను తిట్టుకోకండి.

ఇద్దరు పిల్లల తండ్రి

ఇంత మాట్లాడతారనుకోలేదు. నాకు ఇంకా పూర్తిగా తేలలేదు. చిన్నదాని ఏడుపు గుర్తొస్తే బహదూర్‌పురా వారిదే న్యాయం అనిపిస్తుంది. గచ్చు మీద ఆ నున్నటి చార గుర్తొస్తే పొదలే మేలనిపిస్తుంది. మావాడు మాత్రం నిన్న బాల్కనీలో కుర్చీ మీద కుర్చీ వేసి, దుప్పటి కట్టి, ఎక్కి కూర్చున్నాడు. చిరుతకి ఇలాంటిదే కట్టాలట.

బహదూర్‌పురా బస్‌స్టాప్

కింద పడతాడు, చూసుకోండి.

మా అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. ఖాకీ చొక్కా అన్నా, ఆమె అడిగింది ఒకటే: పొదలకి ఎదురుగా, నీడలో, వీపు ఆనుకునే బల్ల ఒకటి వేస్తారా అని. బల్ల ఉంటే గంటైనా కూర్చుంటుందట. నిలబడి చూడాలంటేనే కష్టం అంటోంది.