ఫ్రెడరిక్స్‌బర్గ్, టెక్సస్: అద్దె ఇల్లు ఎలా వెతకాలి?

నమస్కారం అండీ. మావారికి ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ల పాపతో ఆగస్టులో వస్తున్నాం. ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా రాత్రికి ఇంత అని టూరిస్టులకిచ్చే ఇళ్లే ఉన్నాయి. ఏడాది లీజుకి ఇల్లు దొరుకుతుందా?

ఆస్టిన్ నుంచి: అమ్మా, ముందు కారు చూసుకోండి. అది లేకుండా అక్కడ రోజు గడవదు. టెక్సస్ వచ్చిన 30 రోజుల్లో లైసెన్స్ మార్చుకోవాలి. చీకటి పడ్డాక రోడ్డు మీదికి జింకలొస్తాయి. వానలో రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, అవి ఎంత తక్కువగా కనిపించినా బండి దించొద్దు. 2025 జులైలో పక్కనున్న కెర్ కౌంటీలో గ్వాడలూపె నది వరద ఎంతమందిని పొట్టన పెట్టుకుందో చూశాం కదా. ఇంకోటి, అక్కడంతా పాత జర్మన్ కుటుంబాలు. బయటివాళ్లని త్వరగా కలుపుకోరు.

శాన్ ఆంటోనియో నుంచి: అన్నయ్యా, 30 రోజులు బండి రిజిస్ట్రేషన్‌కి. లైసెన్స్‌కి 90. కొత్తవాళ్లకి టెన్షన్ పెట్టకండి.

కెర్విల్ నుంచి: ఆవిడ అడిగింది ఇంటి గురించి. పూర్వం చుట్టుపక్కల రాంచ్‌లలో, అంటే పశువులు మేపే పెద్ద పొలాల్లో ఉండే జర్మన్ కుటుంబాలు శనివారం సరుకులు కొని, ఆదివారం చర్చికి వెళ్లడానికి ఊళ్లో చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నాయి. వాటిని సండే హౌస్‌లంటారు. ఇప్పుడు వాటిలో చాలావరకు టూరిస్టులకే ఇస్తున్నారు. వైన్ కోసం, పీచ్ పళ్ల కోసం వారాంతంలో జనం విరగబడతారు. అందుకే ఏడాది అద్దెకి ఇళ్లు తక్కువ. మీవారిని ఆఫీసులో చెప్పమనండి, స్థానిక రియల్టర్లకి ఫోన్ చేయండి. దొరక్కపోతే కెర్విల్ పాతిక మైళ్లే.

డిపాజిట్ విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. మేం పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు గోడలకి మసాలా వాసన పట్టిందని, రంగులు వేయించాలని మొత్తం డిపాజిట్ ఆపేశారు. లెక్క అడిగితే మా కొత్త అడ్రస్ అందలేదన్నారు. నేను సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను, రసీదు కూడా ఉంది. ఇక్కడి చట్టం ప్రకారం, కొత్త అడ్రస్ రాసి ఇస్తే, ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి. కోత పెడితే పద్దులవారీగా రాసివ్వాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి కోత పెట్టకూడదు. దురుద్దేశంతో ఆపినట్టు తేలితే ఆపిన మొత్తానికి మూడింతలు, పైన 100 డాలర్లు కట్టాలి. ఇవన్నీ రాసి, చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టుకి వెళ్తానన్నాక చెక్కు వచ్చింది. దిగిన రోజే గదిగదికీ వీడియో తీసుకోండి.

శాన్ ఆంటోనియో నుంచి: కలుపుకోరన్న మాట నేనొప్పుకోను. ఊరు పెట్టింది 1846లో. మరుసటి ఏడాదే ఆ జర్మన్ వలసదారుల నాయకుడు మోయ్‌జెబాఖ్ వెళ్లి, అక్కడి ఆదివాసీలైన కమాంచీలతో ఒప్పందం చేసుకున్నాడు. 1861లో టెక్సస్ అమెరికా నుంచి విడిపోతానంటే ఫ్రెడరిక్స్‌బర్గ్ ఉన్న గిలెస్పీ కౌంటీ వద్దని ఓటేసింది.

ఆస్టిన్ నుంచి: తమ్ముడూ, అది తాతల నాటి సంగతి. నేను చెప్పేది ఇప్పుడు పక్కింటివాళ్ల గురించి.

కెర్విల్ నుంచి: మా అనుభవం వేరండీ. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక పక్కింటివాళ్లే ముందు పలకరించారు. అమ్మా, గుడికి వెళ్లాలంటే శాన్ ఆంటోనియో దగ్గర హెలోటెస్‌లో ఉంది. పప్పులు, బియ్యం కూడా ఆ వైపు వెళ్లినప్పుడే తెచ్చుకోండి. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో హెచ్‌ఈబీ సూపర్ మార్కెట్ ఉంది, కూరగాయలకి ఇబ్బంది లేదు.