పాత జాజ్, రాక్ వీడియోలు ఎక్కించేవాళ్లు దొంగలా?

వేపచెట్టు_స్టీరియో (విశాఖ):
నిన్న రాత్రి పడుకోబోయే ముందు అలవాటు కొద్దీ యూట్యూబ్‌లో నా ప్లేలిస్ట్ తెరిస్తే సగం పాటలు లేవు. పేర్లు ఉండాల్సిన చోట వరసగా బూడిద రంగు గడులు, "వీడియో అందుబాటులో లేదు" అని. పాత టీవీ కచేరీలన్నీ ఓపిగ్గా ఎక్కిస్తూ వచ్చిన ఛానెల్ ఒకటి మొత్తానికే పోయింది. హక్కుదారుల ఫిర్యాదుల మీద 90 రోజుల్లో 3 స్ట్రైకులు (హెచ్చరికలు) పడితే ఛానెల్ తీసేస్తారు కదా, అదే జరిగి ఉంటుంది.

అందులో అమెరికా గాయని సిస్టర్ రోజెట్టా థార్ప్ వీడియో ఉండేది. 1964 మే నెల, మాంచెస్టర్‌లో మూతపడిన ఒక రైల్వే స్టేషన్. ఒక ప్లాట్‌ఫారం మీద జనం, ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఈవిడ. అప్పుడే వాన పడింది, నేలంతా తడి. పొడుగు కోటుతో గుర్రబ్బండి దిగి, ఎలక్ట్రిక్ గిటార్ మెడలో వేసుకుని, వాన గురించిన పాటే ఎత్తుకుంటుంది. మా అమ్మకి జాజ్ తెలీదు, బ్లూస్ తెలీదు. చూసి "ఎవర్రా ఈవిడ, పూనకం వచ్చినట్టు వాయిస్తోంది" అంది. ఆవిడ 1973లో ఫిలడెల్ఫియాలో పోతే చాలా ఏళ్లు సమాధి మీద పేరున్న రాయి కూడా లేదు. రాక్ సంగీతంలో గొప్పవాళ్లని సత్కరించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లకి 2018 దాకా గుర్తు రాలేదు. నాలాంటివాడికి ఆవిడ పేరు తెలిసిందే ఎవరో ఒకరు ఇలా ఎక్కించబట్టి. అలాంటివాణ్ని దొంగ అంటే నేను ఒప్పుకోను. మీరేమంటారు?

డీవీడీ_మావయ్య (డాలస్):
దొంగే తమ్ముడూ. నీకు నచ్చిన దొంగ, అంతే తేడా.

2006లో జాజ్ ఐకాన్స్ అని డీవీడీలు రావడం మొదలైంది. యూరప్ టీవీ సంస్థల గోదాముల్లో పడున్న కచేరీలు వెతికి తీసి, కళాకారుల కుటుంబాలతో మాట్లాడి, వాళ్లకి ముట్టాల్సింది ముట్టజెప్పి, ఒక్కో డిస్క్‌తో చిన్న పుస్తకం కూడా వేసి అమ్మారు. నా దగ్గర జాజ్ బృందం నడిపిన చార్లెస్ మింగస్ 1964 పర్యటన డిస్క్ ఉంది, బెల్జియం, నార్వే, స్వీడన్‌లలో తీసినవి. అందులో ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్ ఊదుతుంటే గదిలో ఇంకో మాట మాట్లాడాలనిపించదు. ఆ పర్యటన అయ్యాక తను యూరప్‌లోనే ఉండిపోతానన్నాడు కాబట్టి మింగస్ తన పాటకి "సో లాంగ్, ఎరిక్" అని పేరు పెట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే డాల్ఫీ బెర్లిన్‌లో చనిపోయాడు, 36 ఏళ్లకే. అలాంటి దాన్ని ఎవడో ముక్కలు చేసి, మూల తన ఛానెల్ ముద్ర కొట్టి ఎక్కిస్తాడు. అత్త సొమ్ము అల్లుడు దానం. ఊరికే దొరికేదాన్ని ఎవరు కొంటారు? తర్వాతి డిస్కులకి డబ్బు ఎవరు పెడతారు?

కీబోర్డ్_కిట్టు:
మావయ్యగారూ, కొందామనే చూశాను. నేను వెతికిన చోటల్లా స్టాక్ లేదు. సెకండ్ హ్యాండ్‌వాడు చెప్పిన రేటుకి మా ఇంటి కరెంటు బిల్లు మూడు నెలలది కట్టొచ్చు. ఆ డబ్బులో మింగస్ కుటుంబానికి పైసా వెళ్లదు కదా.

నల్లకోటు:
కోర్టుల్లో తిరిగే మనిషిని, అయినా దీన్ని సలహా అనుకోకండి. ఒక్క వీడియోలో పొరలు పొరలుగా హక్కులుంటాయి. పాట కట్టినవారిది ఒకటి, వాయించినవారిది ఒకటి, ప్రసారం చేసిన సంస్థది ఒకటి. మన చట్టంలో ప్రసార సంస్థకి 25 ఏళ్లు, ప్రదర్శకులకి 50, పాట కట్టినవారికి జీవితకాలం, ఆపైన ఇంకో 60. బ్రిటన్‌లో ప్రసారానికి 50 ఏళ్లు, పాటకి మనిషి పోయాక 70. (ఫిలిం కింద లెక్కకొస్తే అది మళ్లీ వేరే లెక్క, ఇప్పుడు దాని జోలికి పోను.) కాబట్టి 1964 నాటి ప్రసారం మీద గడువు తీరినంత మాత్రాన లోపలున్న పాట మీద తీరినట్టు కాదు.

ఇంకో సంగతి. హక్కుదారులందరూ వీడియోని పీకేయించరు. తమ పాట ఎవరి వీడియోలో ఉందో యూట్యూబ్ దానంతటదే పట్టే కంటెంట్ ఐడీ అనే ఏర్పాటులో వాళ్లకి మూడు దారులున్నాయి. ఆపేయొచ్చు, యాడ్ల డబ్బు తమకి మళ్లించుకోవచ్చు, లేదా ఎంతమంది చూస్తున్నారో గమనిస్తూ వదిలేయొచ్చు. వదిలేశారు కదా అని అది మీ సొత్తు అయిపోదు, అంతే.

వేపచెట్టు_స్టీరియో:
చట్టం సరే లాయరుగారూ. చట్టప్రకారం టేపుల యజమానులు ఆ టేపుల్ని ఏం చేశారో కూడా చూడండి. బీబీసీ వాళ్లు అప్పట్లో టేపులు చెరిపేసి మళ్లీ వాడుకునేవాళ్లు. రెండంగుళాల టేపు చాలా ఖరీదు, పైగా పాత ఎపిసోడ్ మళ్లీ ఎవరు చూస్తార్లే అన్న ధీమా. వాళ్ల పాటల కార్యక్రమం టాప్ ఆఫ్ ది పాప్స్‌లో 1973 జనవరిలో డేవిడ్ బోవీ "ది జీన్ జీనీ" పాడాడు, అదీ అలాగే పోయింది. ఆ రోజు కెమెరా పట్టిన జాన్ హెన్షాల్ తన ఫిష్ ఐ లెన్స్ షాట్లు ఉన్నాయని ఒక కాపీ దాచుకున్నాడు. 2011లో అది బయటపడితే బీబీసీయే మళ్లీ ప్రసారం చేసింది! అదే కార్యక్రమంలో బీటిల్స్ 1966 జూన్‌లో స్టూడియోకి వచ్చి పాడితే ఇవాళ మిగిలినవి ఎవరో ఇంట్లో టీవీ ముందు చిన్న ఫిలిం కెమెరా పెట్టి తీసుకున్న తునకలే, అవీ శబ్దం లేకుండా. సొంతదారు చెరిపేశాడు, అభిమాని దాచాడు. ఇప్పుడు చెప్పండి దొంగెవరో.

డీవీడీ_మావయ్య:
హెన్షాల్ దాచాడు, దొరికాక అది సంస్థ ద్వారానే జనంలోకి వచ్చింది. దాచడం వేరు, ఊరంతా పంచడం వేరు. నువ్వు రెండూ ఒకే గాట కట్టేస్తున్నావు.

సికింద్రాబాద్_స్నేర్:
వాయించేవాళ్లు ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను చెప్తా. డ్రమ్స్ వాయిస్తాను, వారాంతాల్లో. రెండేళ్ల కిందట ఒక పబ్‌లో మేం వాయించింది ఎవరో ఫోన్‌లో తీసి పెట్టారు. బాగానే చూశారు జనం. మా నలుగురి పేర్లూ లేవు, తీసినవాడి పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత ఒక పెళ్లి సంగీత్‌కి పిలిచినవాళ్లు "ఆ వీడియో చూసే పిలిచాం" అన్నారు, మరి ఇప్పుడు వాణ్ని తిట్టాలో టీ ఇప్పించాలో నాకే తెలీదు.

నాకు అసలు బాధ పేర్ల దగ్గర. 1957 డిసెంబర్ 8న సీబీఎస్ టీవీలో వచ్చిన ది సౌండ్ ఆఫ్ జాజ్ చూసే ఉంటారు, బిల్లీ హాలిడే "ఫైన్ అండ్ మెలో" పాడింది. ఎక్కించేవాళ్లు "బిల్లీ హాలిడే 1957" అని రాసి వదిలేస్తారు. చుట్టూ ఉన్నది ఎవరనుకున్నారు? బెన్ వెబ్‌స్టర్, కోల్‌మన్ హాకిన్స్, జెరీ మలిగన్, రాయ్ ఎల్డ్రిడ్జ్. డ్రమ్స్ ఓసీ జాన్సన్. ఆయన పేరు ఒక్కడూ రాయడు!

కాసేపటికి శాక్సఫోన్ వాయించే లెస్టర్ యంగ్ లేస్తాడు. ఒంట్లో బాగాలేదని మొహం చూస్తేనే తెలుస్తుంది. వాయించేవి నాలుగు స్వరాలు, మధ్యలో బోలెడు ఖాళీ. కెమెరా హాలిడే మొహం మీదికి వెళ్తుంది. నవ్వుతున్నట్టే ఉంటుంది, తల నెమ్మదిగా ఆడిస్తుంది, తనకి మాత్రమే తెలిసిన మాటేదో అతను అంటున్నట్టు వింటుంది. 1959 మార్చిలో యంగ్ పోయాడు, జూలైలో ఆవిడ పోయింది. మొన్న దీనికి రంగులద్దిన కాపీ ఒకటి కనబడింది. చెంపలకి గులాబీ రంగు పులిమి, కదలికలు నున్నగా చేసి, పెళ్లి వీడియోలా తయారుచేశారు. అప్పట్లో టీవీ తెర ముందు ఫిలిం కెమెరా పెట్టి ప్రసారాన్ని పట్టేవాళ్లు, ఆ మసక దానితో పాటు వచ్చిందే. దాన్ని తుడిచేసరికి ఆవిడ మొహంలో ఉన్నది కూడా తుడుచుకుపోయింది. కాపీ పంచినా క్షమిస్తాను గానీ ఇలా పాడుచేసినవాణ్ని మాత్రం క్షమించను.

కీబోర్డ్_కిట్టు:
అన్నా, మా తమ్ముడు నలుపు తెలుపు కనబడగానే వేలితో పైకి తోసేస్తాడు. ఆ రంగుల కాపీ చూశాకే అసలుది అడిగాడు. మరీ అంత తిట్టకు.

సికింద్రాబాద్_స్నేర్:
అసలుది అడిగాడు కాబట్టి నీ తమ్ముణ్ని వదిలేస్తున్నా.

వేపచెట్టు_స్టీరియో:
సరే, నా దగ్గరా ముప్పై దాకా వీడియోలున్నాయి, నేనే ఎక్కించినవి. ఈ రాత్రి కూర్చుని వాయించినవాళ్ల పేర్లు అన్నిటికీ రాస్తాను, తేదీ, ఊరు కూడా. డిస్క్ అమ్మకంలో ఉన్నవైతే తీసేస్తాను. ఎక్కడా కొనడానికి దొరకనివి మాత్రం ఉంచుతాను మావయ్యా, స్ట్రైక్ పడితే పడనీ.

డీవీడీ_మావయ్య:
దొరకనివి అని తేల్చేది నువ్వేనా? అది నాకు నచ్చలేదు. పేర్లు రాస్తానన్నావు చూడు, అది బాగుంది.

వేపచెట్టు_స్టీరియో:
ఇంతకీ ఆ మింగస్ డిస్క్ ఒకసారి...

డీవీడీ_మావయ్య:
వస్తుందనుకున్నా ఈ మాట. సంక్రాంతికి విశాఖ వస్తున్నాను, డిస్క్, ప్లేయర్ రెండూ తెస్తాను. మీ ఇంట్లోనే చూద్దాం. కాపీ చేస్తానంటే మాత్రం గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోతాను.

సికింద్రాబాద్_స్నేర్:
నేనూ వస్తా. అందులో డ్రమ్స్ డానీ రిచ్‌మండ్.