సొంత పాటలతో ఊళ్లు తిరిగే బ్యాండ్ సినిమా పాట వాయించాలా, వద్దా?

పటమట బేస్:
మాది బెజవాడ బ్యాండ్. వాయించేది నలుగురం, పాడేది ఒక అమ్మాయి. పాటలన్నీ మేం రాసుకున్నవే. మొన్న విశాఖలో ఒక కాలేజీ ఫెస్ట్‌కి పిలిచారు. బేరం మాట్లాడినప్పుడు "మీ పాటలే కావాలి" అన్నారు. సౌండ్ చెక్ చేసుకుంటుంటే కమిటీ కుర్రాడు వచ్చి సినిమా పాటల లిస్టు చేతిలో పెట్టాడు. కుదరదన్నాం. రెండు పాటలవగానే దిగిపొమ్మన్నారు. సగం పేమెంట్ ఇంకా రాలేదు. అప్పటి నుంచి మాలో మాకే గొడవ. నా మాటేమిటంటే, ఒక్క సినిమా పాట మొదలుపెట్టామా, ఇక మనకీ ఆర్కెస్ట్రా వాళ్లకీ తేడా ఉండదు. మీరేమంటారు?

బ్రాడీపేట బాబాయ్:
ఆర్కెస్ట్రా అంటే అంత చులకనా అబ్బాయ్? గుంటూరులో పాతికేళ్లు ట్రూప్ నడిపాను. పెళ్లిళ్లు, దసరా పందిళ్లు, కోటప్పకొండ తిరునాళ్లు, అన్నీ చూశాను. శివరాత్రి జాగారానికి వచ్చిన జనం ముందు తెల్లారేదాకా వాయించాలంటే వాళ్లు అడిగింది వాయించాలి. మన పద్య నాటకాల సంగతి తెలుసుగా? వన్స్‌మోర్ అని అరిస్తే చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ అందుకునేది. సురభి వాళ్లు 1885 నుంచి పెళ్లాం పిల్లల్తో, తెరలూ పెట్టెలూ వేసుకుని ఊరూరా తిరిగారు. జనం మాట వినకపోతే అన్నేళ్లు నిలిచేవాళ్లా?

గవర్నర్‌పేట సౌండ్ సెట్టు:
తెల్లారేదాకా ఎలా వాయించారు బాబాయ్? రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు మైకు పెట్టకూడదు. 2000లో వచ్చిన రూల్స్.

బ్రాడీపేట బాబాయ్:
పండగలకి పర్మిషన్ ఇస్తారయ్యా.

గవర్నర్‌పేట సౌండ్ సెట్టు:
ఇస్తారు, అదీ అర్ధరాత్రి 12 వరకే. సంవత్సరం మొత్తంలో 15 రోజులకు మించి ఇవ్వకూడదు. తెల్లారేదాకా అని ఎక్కడా లేదు. తలుపులు మూసిన హాల్ అయితే వేరే సంగతి. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి చోట 10 దాటినా ఈ నిషేధం రాదు, శబ్దం బయటికి పోనంత వరకు. బయట గ్రౌండ్‌లో అయితే ఎస్సై వచ్చి ముందు నా మిక్సర్ మీదే చెయ్యి వేస్తాడు. వాయించేవాళ్లు గిటార్ భుజాన వేసుకుని పోతారు, స్టేషన్ చుట్టూ తిరిగేది నేను.

బ్రాడీపేట బాబాయ్:
నేను చెప్పేది ఆ రోజుల సంగతి. నువ్వు గడియారం పట్టుకుని కూర్చున్నావు.

మొగల్రాజపురం:
అసలు ప్రశ్నకి వద్దాం. కేరళ వాళ్ల బ్యాండ్ థైక్కుడం బ్రిడ్జ్ 2013లో మొదలైంది. టీవీలో పాత పాటలు తమ పద్ధతిలో వాయించే పేరు తెచ్చుకున్నారు, సొంత ఆల్బం తర్వాత వచ్చింది. దారి ఉంది కదా?

పటమట బేస్:
1990లో మొదలైన ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ కూడా ఉంది, సొంత పాటలతోనే. వాళ్లు ఎవరి పాటల మీద నిలబడ్డారు? ఇంకో సంగతి. సినిమా పాట స్టేజీ మీద వాయిస్తే హక్కుదారుల సొసైటీకి లైసెన్స్ ఫీజు కట్టాలి. మన పాటకి ఎవరినీ అడగక్కర్లేదు.

గవర్నర్‌పేట సౌండ్ సెట్టు:
ఆ ఫీజు కట్టాల్సింది ప్రోగ్రాం పెట్టించినవాళ్లు, నువ్వు కాదు. పెళ్లికైతే అదీ అక్కర్లేదు, కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది.

రైల్వే కాలనీ:
పేమెంట్ రాలేదని ఏడుస్తున్నారు సరే, విశాఖకి ట్రావెల్స్ బండి ఎందుకు? రత్నాచల్ రైలెక్కితే పనైపోతుంది. ఛార్జీ ఎంతని.

పటమట బేస్:
ఈ సలహా ఇవ్వని మనిషి లేడు. సెకండ్ క్లాస్‌లో మనిషికి 35 కిలోలు ఉచితం, బాగానే ఉంది. కానీ పెట్టె కొలత 100, 60, 25 సెంటీమీటర్లు దాటకూడదు. మా బాస్ డ్రమ్ 22 అంగుళాలది, లోతే 40 సెంటీమీటర్లు ఉంటుంది. లగేజీ వ్యాన్‌లో బుక్ చెయ్యాలి. అది మాతోపాటే దిగుతుందన్న నమ్మకం లేదు. ఒకసారి రాజమండ్రిలో మేం దిగాం, డ్రమ్ముల పెట్టె ముందుకి పోయింది. ఆ రాత్రి మా డ్రమ్మర్ ప్లాస్టిక్ కుర్చీ బోర్లించి వాయించాడు. విశాఖ 350 కిలోమీటర్లు, డీజిలు, టోల్ గేట్లు, డ్రైవర్ బ్యాటా అన్నీ కలిపినా బండే నయం.

రైల్వే కాలనీ:
అద్దె డ్రమ్స్ విశాఖలో దొరకవా?

పటమట బేస్:
దొరుకుతాయి. తోలు చిరిగినవి.

బ్రాడీపేట బాబాయ్:
డ్రమ్ములు, డీజిలు అంటూ తప్పించుకుంటున్నావు. నా కీబోర్డు కుర్రాణ్ణి దసరాకి పది రోజుల ముందు ఇలాంటి సొంత పాటల బ్యాండ్ ఒకటి లాక్కుపోయింది. అడ్వాన్సులు తీసుకున్నాను, పందిళ్లు ఒప్పుకున్నాను. గజ్వేల్ నుంచి ఇంకో మనిషిని రెట్టింపు ఇచ్చి పిలిపించుకున్నాను. ఆ కుర్రాడు ఏడాది తిరిగి, చేతిలో చిల్లిగవ్వ లేక మళ్లీ నా గుమ్మంలోకే వచ్చాడు. మీ కళ వాడికి అన్నం పెట్టలేదు.

పటమట బేస్:
అన్నం సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నా బాబాయ్. డిగ్రీ చదివేటప్పుడు నేనూ ఒక ట్రూప్‌లో వాయించాను. ఎంతకి ఒప్పుకున్నారో మాకు చెప్పేవారు కాదు. రాత్రంతా వాయిస్తే బ్యాటా 500. డప్పు వాయించే ఆయనకి అదీ కాదు, 300. ఓనర్ గారు మాత్రం కారులో వెళ్లిపోయేవారు, మేం లారీలో స్పీకర్ల మీద పడుకుని వచ్చేవాళ్లం. మా బ్యాండ్‌లో వచ్చింది వచ్చినట్టు సమానంగా పంచుకుంటాం.

బ్రాడీపేట బాబాయ్:
సమానంగా పంచుకోవడానికి ముందు ఏమన్నా మిగలాలిగా? మీలో ఎంతమందికి ఇంటి అద్దె ఈ పాటల మీద వెళుతోంది? ఒక్కరికన్నా? మీకు ఉద్యోగాలున్నాయి, లేదా నాన్నలున్నారు. కమిటీ వాళ్లని కాదని స్టేజీ దిగి రాగలిగావంటే ఆ రాత్రి డబ్బు లేకపోయినా నీకు గడుస్తుంది కాబట్టి. నా డప్పు మనిషి అలా దిగలేడు.

మొగల్రాజపురం:
ఇది మాత్రం నిజం.

పటమట బేస్:
అందుకేనా ఆయనకి 300?

లబ్బీపేట వాయిస్:
నేను ఈ బ్యాండ్‌లో పాడే అమ్మాయిని. పొద్దుటి నుంచి చదువుతున్నా. "సమానంగా" అన్న చోట ఆగిపోయాను.

అన్నా, మొన్నటి రాజమండ్రి లెక్క నువ్వే చెప్పు. లేదా నేనే చెప్తా. వచ్చింది 30,000. బండికి 12,000. మీ నలుగురికీ ఒక రూం, 1,600, ఉమ్మడి ఖర్చు. నాకు విడిగా రూం, 1,400, నా వాటాలోంచి. మీకు తలా 3,280. నాకు 1,880. రెండు రూములూ ఉమ్మడిలో వేస్తే అందరికీ 3,000. మీకు తగ్గేది తలా 280 రూపాయలు.

ఆ లాడ్జిలో రిసెప్షన్ ఆయన నా ఆధార్ తిప్పి తిప్పి చూసి, ఇంట్లో వాళ్ల నంబర్ ఇమ్మన్నాడు. మీలో ఒక్కరినీ అడగలేదు. ప్రోగ్రాం ఉన్న రోజు సాయంత్రం నాలుగు దాటితే నేను మంచినీళ్లు తాగను, స్టేజీ వెనకాల బాత్రూం ఉండదు. బట్టలు మార్చుకోవడం బండిలోనే, కిటికీకి దుప్పటి కట్టి.

బాబాయ్, మీరు సంబరపడకండి. నేను పాడిన ట్రూపుల్లో మేల్ సింగర్‌కి ఇచ్చిన దాంట్లో సగం ఇచ్చేవారు.

బ్రాడీపేట బాబాయ్:
నా ట్రూప్‌లో ఆడపిల్లల్ని ఇంటి గుమ్మం దాకా దింపించేవాణ్ణి తల్లీ.

లబ్బీపేట వాయిస్:
దింపించేవారు, సంతోషం. డబ్బు గురించి అడిగాను.

పటమట బేస్:
ఇది మన గ్రూపులో మాట్లాడుకుందాం. ఇక్కడ ప్రశ్న పాటల గురించి.

లబ్బీపేట వాయిస్:
ఇక్కడికి తెచ్చింది నువ్వు. పాటల గురించే చెప్తున్నా. విశాఖలో "కుదరదన్నాం" అని రాశావు. నన్నెవరు అడిగారు? డ్రమ్మర్‌ని అడిగావా? రెండు సినిమా పాటలు పాడి, జనం దగ్గరయ్యాక మనవి ఐదు పాడదామని నేను అంటూనే ఉన్నా. జనం గోల చేస్తే మైకు ముందు నిలబడేది నేను. నువ్వు ఆంప్ పక్కన తల దించుకుని వాయించుకుంటావు. రూం ఖర్చు ఎవరిదో, ఏ పాట పాడాలో, ఎప్పుడు దిగిపోవాలో అన్నీ నీ ఒక్కడి నిర్ణయాలే. ట్రూప్ ఓనర్‌కీ నీకూ తేడా ఏంటి మరి?

గవర్నర్‌పేట సౌండ్ సెట్టు:
ఇదీ అసలు గొడవ.

పటమట బేస్:
పాటలు రాసింది నేను. బండి అడ్వాన్స్ ప్రతిసారీ నా కార్డు మీద పోతుంది. విశాఖ బాకీ రాకపోతే ఆ నష్టం కూడా నాదే. మాట నాది కాకపోతే ఎవరిది?

లబ్బీపేట వాయిస్:
అలాగైతే "సమానంగా" అని రాయకు. జీతం ఇంత అని చెప్పు, వచ్చి పాడి వెళ్లిపోతా.

బ్రాడీపేట బాబాయ్:
అమ్మాయి అడిగినదాంట్లో తప్పేముంది? ఓనర్‌వి అయితే నాలాగా ఓనర్‌నని ఒప్పుకో.

పటమట బేస్:
సరే. శనివారం గుంటూరు ప్రోగ్రాం నుంచి రెండు రూములూ ఉమ్మడి ఖర్చే. కానీ సినిమా పాట మాత్రం నా స్టేజీ మీద వినపడదు.

లబ్బీపేట వాయిస్:
"నా స్టేజీ" అన్నావు చూడు. శనివారం నువ్వే పాడుకో.