ఒక్కన్నే ఉంటనంటున్నడు తమ్ముడు: మాట వినే ఇల్లు చాలుతదా, మనిషి ఉండాల్సిందేనా?

హనుమకొండ అక్క:
మా తమ్మునికి 31 ఏండ్లు. రెండేండ్ల కింద బండి మీదికెల్లి పడి మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిన్నది. సి6 అన్నరు డాక్టర్లు, అంటే మెడల ఆరో పూస దగ్గర. భుజాలు, మోచేతులు కదుల్తయి, మణికట్టు పైకి లేస్తది, వేళ్లు మాత్రం ఏదీ పట్టవు. ఛాతీ కింద నుంచి స్పర్శ లేదు. ఇంట్ల కూసొని కంప్యూటర్ల ఒక దుకాణానికి లెక్కలు రాస్తడు. ఇప్పుడు మా ఇంట్ల ఉండడట, దగ్గర్లనే ఇంకో పోర్షన్ తీసుకొని ఒక్కడే ఉంటడట. లైట్లు, ఫ్యాను, ఏసీ, తలుపు తాళం అన్నీ నోటితోటి చెప్తే పనిచేసేటట్టు పెట్టించుకుంటడట. పొద్దున రెండు గంటలు, రాత్రి ఒక గంట మనిషి వస్తే చాలంటున్నడు. అమ్మ ఏడుస్తున్నది. మా ఆయనేమో "సరే పోనియ్, ప్రతి గదిల కెమెరా పెట్టి మన ఫోన్ల చూసుకుందాం" అంటున్నడు. నాకు ఏం తోస్తలేదు. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

రాజమండ్రి ఫిజియో:
అక్కా, ఉన్నమాట చెప్తాను, బాధపడకండి. ఇలాంటి వాళ్లతోనే నా రోజంతా గడుస్తుంది. యంత్రం లైటు వేస్తుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టదు. రాత్రిపూట రెండు గంటలకోసారి ఒత్తిగిలకపోతే పిరుదుల దగ్గర ఎముక మీద పుండు పడుతుంది. స్పర్శ లేదు కాబట్టి పడినట్టు కూడా తెలియదు, మానడానికి నెలలు పడుతుంది.

అంతకన్నా భయపడాల్సింది ఇంకోటుంది. దెబ్బ ఛాతీ పైభాగంలోనో మెడలోనో తగిలినవాళ్లకి క్యాథెటర్ గొట్టం మడతపడి మూత్రం ఆగితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా చెమట. వెంటనే లేపి కూర్చోబెట్టాలి, బట్టలు వదులు చేయాలి, గొట్టం సరిచేయాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ నిమిషంలో కావాల్సింది చేతులున్న మనిషి. సామాను కొన్నాం కదా అన్న ధైర్యంతో ఇంట్లోవాళ్లు మెల్లగా రావడం మానేయడం కళ్లారా చూశాను. అందుకే నేను ఒప్పుకోను.

బెజవాడ వీల్‌చైర్:
నాదీ సి6. పన్నెండేళ్లయింది. ఐదేళ్లుగా ఒక్కణ్నే ఉంటున్నాను.

ఫిజియో గారు చెప్పిన రెండు ప్రమాదాలూ నిజమే. కానీ నాకు పెద్ద పుండు పడింది ఒంటరిగా ఉన్నప్పుడు కాదు, ఇంటినిండా జనం ఉన్నప్పుడు. పగలంతా చాకిరీ చేసి పడుకున్న అమ్మని రాత్రి మూడింటికి మళ్లీ లేపలేక నోరు మూసుకుని పడుకున్నాను. అలా ఎన్ని రాత్రులో. పక్కన మనిషి ఉండటం వేరు, పిలవడానికి మొహం చెల్లడం వేరు. ఇప్పుడు రాత్రి పదకొండింటికి, తెల్లవారి అయిదింటికి జీతానికి వచ్చే మనిషి ఉన్నాడు, మధ్యలో ఒంటి మీద ఒత్తిడి ఒకేచోట పడకుండా మార్చే గాలిపరుపు మోటారు నడుస్తుంది. అతన్ని పిలవడానికి నాకు సిగ్గు లేదు, అది అతని పని, నేను జీతమిస్తున్నాను.

ఇంకో సంగతి. మెడలో దెబ్బతిన్నవాళ్లకి దెబ్బ కింది భాగానికి చెమట సరిగ్గా పట్టదు. ఒళ్లు తనంతట తాను చల్లబడదు. బెజవాడ మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నాకు ఫ్యాను, ఏసీ సుఖం కోసం కాదు, జ్వరం వచ్చినట్టు ఒళ్లు కాలిపోకుండా ఉండటం కోసం. "అమ్మా, కొంచెం ఫ్యాను పెంచవా", "అమ్మా, కొంచెం తగ్గించవా" అని రోజుకి ఇరవైసార్లు అడిగి చూడండి. ఇరవై ఒకటోసారి అడగబుద్ధి కాదు. నోటితో చెప్తే ఫ్యాను తిరిగిన మొదటి రాత్రి నేను దాన్ని ఊరికే వేస్తూ ఆపుతూ గంటసేపు మేలుకున్నాను.

అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అని ఒకాయన ఉండేవారు. 14వ ఏట పోలియో వచ్చి మెడ కింద దాదాపు ఏదీ కదిలేది కాదు, రాత్రిళ్లు ఊపిరి కోసం ఇనుప గొట్టంలాంటి యంత్రంలో పడుకునేవారు. వికలాంగులు తమ బతుకు తామే నడుపుకోవడానికి సాయపడే ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్‌ని బర్క్‌లీలో 1972లో పెట్టినవాళ్లలో ఆయన ముఖ్యులు. ఆయనకి సాయానికి మనుషులు ఎప్పుడూ ఉన్నారు. ఎవర్ని పెట్టుకోవాలి, ఏ వేళకి లేవాలి అన్నది మాత్రం ఆయనే చెప్పేవారు. స్వతంత్రం అంటే అది. అక్కా, మీ తమ్ముడు కూడా మనిషి వద్దనలేదు, రోజుకి మూడు గంటల సేపు పిలుస్తానన్నాడు. యంత్రమా మనిషా అని మనం కొట్టుకుంటున్నాం కానీ ఆయన రెండూ అడిగాడు.

తెనాలి నుంచి డల్లాస్:
కెమెరా విషయంలో బావగారి మాటే నాకు సబబుగా ఉంది. మా నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. అమ్మ లేదు. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి కెమెరాలు పెట్టించాను. ఒకసారి ఆయన మంచం దిగుతూ పడిపోతే ఇక్కడినుంచి చూసి పక్కింటి బాబాయికి ఫోన్ చేశాను, రెండు నిమిషాల్లో లేపారు. ప్రైవసీ అని మాట్లాడటం తేలిక. సముద్రాల అవతల కూర్చున్నప్పుడు నాన్న ఫోన్ ఎత్తకపోతే ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది.

బెజవాడ వీల్‌చైర్:
అన్నా, మీ భయం నాకు అర్థమైంది. నాన్నగారిని అడిగారా?

మాలాంటివాళ్ల పడకగది అంటే మీరు నిద్రపోయే గది లాంటిది కాదు. బట్టలు మార్చేది అక్కడే, క్యాథెటర్ మార్చేది అక్కడే, విరేచనం చేయించేదీ చాలాసార్లు అక్కడే. ఆ గదిలో అక్క, బావ, వాళ్ల ఫోన్ చేతికి దొరికిన పిల్లలు చూడగలిగే కన్ను పెట్టడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. మంచం పట్టినవాళ్లకి ఆ తీర్పు వర్తించదని ఎక్కడా లేదు.

కెమెరా లేకుండానూ కబురు తెలుస్తుంది. పొద్దున ఎనిమిదింటిలోపు గది లైటు వెలగకపోయినా, తలుపు తెరుచుకోకపోయినా ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టుకోవచ్చు. మంచం పక్కన మోచేత్తో కొట్టగలిగే పెద్ద బటన్ పెట్టుకోవచ్చు, కొడితే ముగ్గురికి ఒకేసారి మోగుతుంది.

కెమెరా కన్నా పెద్ద ప్రశ్న ఒకటి ఎవరూ అడగట్లేదు: ఆ యాప్ ఎవరి ఫోన్‌లో, ఎవరి పేరు మీద ఉంటుంది? నాకు మొదటి ఏడాది అన్నీ మా అన్నయ్య అకౌంట్ మీద పెట్టారు, వాడే కొన్నాడు కాబట్టి. కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని వాడు హైదరాబాద్‌లో కూర్చుని నా ఏసీ ఆపేసేవాడు. మంచి మనసుతోనే. నేను మళ్లీ వేసేవాణ్ని, వాడు మళ్లీ ఆపేవాడు. చివరికి పాస్‌వర్డ్ మార్చేశాడు. అది నా ఇల్లా, వాడి ఇల్లా? నేను గట్టిగా పోట్లాడి అకౌంట్ నా పేరుకి మార్పించుకున్నాక గానీ అది నా ఇల్లు కాలేదు. మొదటిరోజే మీ తమ్ముడి పేరు మీద పెట్టండి. మీకు ఏం కనపడాలో ఆయనే ఇస్తాడు.

కర్నూలు మాస్టారు:
నాకు చూపు లేదు. నోటిమాట యంత్రాలు నాకెంతో మేలు చేశాయి, కాదనను. కానీ ఇక్కడ ఒక్క మాట కలపాలి. మా ఇంట్లో ఉన్న స్పీకరుకి ఇంగ్లీషులోనో హిందీలోనో చెప్పాలి. ఫోన్‌లో గూగుల్ అసిస్టెంట్‌కి తెలుగు వస్తుంది కాబట్టి మా అమ్మ దానితోనే నెట్టుకొస్తోంది. మా బడిలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బవల్ల కదలిక, మాట సరిగ్గా రాకపోవడం) ఉన్న ఒక పిల్లవాడున్నాడు, వాడి మాట తల్లికీ నాకూ అర్థమవుతుంది, యంత్రానికి అర్థం కాదు. వాడికి నోటితో నడిచే ఇల్లు మూసిన తలుపే. కాబట్టి మాట ఒక్కటే దారి అనుకోవద్దు. జలుబు చేసి గొంతు పోతే సి6 తమ్ముడికీ అదే గతి. బటన్ ఉండాలి, పాత స్విచ్చూ ఉండాలి.

ఈ కొత్త సామాన్లు చాలావాటికి మీద నున్నటి అద్దం తప్ప మీటే లేదు. వేలితో తడిమితే ఏదీ తగలదు. పాత గుండ్రటి మీట ఉన్న కుక్కరు నేను ఎవరినీ అడక్కుండా వాడుకున్నాను, కొత్త ఇండక్షన్ పొయ్యికి మా ఆవిడని పిలవాల్సి వస్తోంది.

వైరింగ్ అన్న:
నేను కరెంటు పని చేస్తాను, ఇలాంటివి కొన్ని ఇళ్లకి బిగించాను. ముందు పోర్షన్ ఓనర్‌ని అడగండి. పాత ఇళ్లలో స్విచ్‌బోర్డులోకి న్యూట్రల్ వైరు ఉండదు, అది లాగితేనే లోపల పెట్టే వైఫై మాడ్యూళ్లు చాలామటుకు పనిచేస్తాయి. పైన పాత స్విచ్ అలాగే ఉంచేవి తీసుకోండి, నెట్ పోయినా చేత్తో వేసుకోవచ్చు. గీజరుకి 16 ఆంప్స్‌ది వాడాలి, చిన్న ప్లగ్గు పెడితే కాలిపోతుంది. రౌటరు, నెట్ తెచ్చే ఫైబర్ డబ్బా రెండూ ఇన్వర్టర్ మీద ఉండాలి. చాలామంది రౌటర్ పెట్టి డబ్బా మర్చిపోతారు, కరెంటు పోగానే ఇల్లంతా మూగబోతుంది.

స్మార్ట్ బల్బులు చాలావరకు కరెంటు పోయి వచ్చినప్పుడు వాటంతట అవే ఫుల్లుగా వెలుగుతాయి. రాత్రి రెండింటికి కరెంటు వచ్చి, నెట్ ఇంకా రాక, కళ్లమీద లైటు పడుతుంటే చెయ్యి కదలని మనిషి ఏం చేస్తాడు? కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండాలని యాప్‌లో పెట్టుకోవచ్చు, బిగించినరోజే పెట్టించండి. తలుపు తాళం బ్యాటరీ మీద నడుస్తుంది. మామూలు తాళంచెవి కూడా పట్టేదే కొనండి, ఆ చెవి ఒకటి పక్కింట్లో ఉండాలి.

రాజమండ్రి ఫిజియో:
గీజర్ మాట వచ్చింది కాబట్టి: స్పర్శ లేని కాళ్ల మీద వేడినీళ్లు పడితే బొబ్బలెక్కేదాకా తెలియదు. వేడి తక్కువ దగ్గర ఆగేలా పెట్టి, ముందు స్పర్శ ఉన్నచోట పోసుకుని చూడాలి. బెజవాడ అన్న చెప్పిన పుండు సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. అయినా రాత్రి అయిదారు గంటలు ఎవరూ లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. కనీసం అయిదు నిమిషాల్లో రాగలిగిన మనిషి పక్కనే ఉండాలి, వాళ్లకి గొట్టం ఎలా సరిచేయాలో నేర్పాలి.

హనుమకొండ అక్క:
అందరికీ దండాలు. మేం చూసిన పోర్షన్‌కు రెండు మెట్లున్నయి, అడుగు ఎత్తు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల ర్యాంపు కావాలంట, ఓనర్ సగం జాగే ఇస్తనంటున్నడు. లోపల గడప ఇంకో తిప్పలు. తీయిద్దామంటే "పసుపు రాసిన గడప పీకుతరా" అని అమ్మ. పైసలు కూడా చూసుకోవాలె. మా దగ్గర పింఛను 2023 జులై నుంచి 4,016. అదే ఆంధ్రల వీల్‌చైర్‌కే పరిమితమైనోళ్లకు 15,000 అయింది కదా. రెండు పూటల మనిషికే ఆ 4,016 చాలదు, ఇగ సామాన్లు ఎక్కడికెల్లి కొనాలె?

బెజవాడ వీల్‌చైర్:
అక్కా, అలాగైతే ముందు ర్యాంపు, బాత్రూమ్ తలుపు వెడల్పు, ఆ తర్వాత మనిషి జీతం, మిగిలితేనే సామాన్లు. తలుపు తాళం నోటితో తెరుచుకుని గడప దగ్గర ఆగిపోతే ఏం లాభం. గడప పీకక్కర్లేదు, రెండువైపులా చెక్కతో చిన్న వాలు పెట్టించండి, అమ్మ పసుపు అలాగే ఉంటుంది. సామాన్లలో మొదట ఫ్యాను, లైటు, సాయం కోసం బటన్. మిగతావి ఏడాది తర్వాతైనా పర్లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం అయిదో సెక్షన్ సమాజంలో అందరి మధ్య బతికే హక్కు ఇచ్చింది. దానికి తగ్గ పింఛను అందరికీ రావాలని అడగాల్సిందే, అడుగుతూనే ఉండాలి. ఇంతసేపూ ఆయన గురించి మనం మాట్లాడుతున్నాం, ఆయన మాట వినలేదు. ఒకసారి ఇక్కడికి రమ్మనండి.

తెనాలి నుంచి డల్లాస్:
నిన్న రాత్రి నాన్నని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. పడకగది కెమెరా మధ్యమధ్యలో నల్లగా అయిపోతుంటే ఇన్నాళ్లూ నెట్ సమస్య అనుకున్నాను. ఆయన దానిమీద తువ్వాలు కప్పుతున్నారట. ఒంటిచేత్తో, మంచం అంచు పట్టుకుని. పడిపోయింది కూడా అలా కప్పబోయినప్పుడేనట. బాబాయి వచ్చి ఈరోజు ఆ కెమెరా తీసేశారు. హాల్లోది ఉంచమని నాన్నే అన్నారు.

హనుమకొండ తమ్ముడు:
నేనే. ఫోన్‌కు చెప్తుంటే అది టైపు కొడుతున్నది, తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మొత్తం చదివిన. ఫిజియో సార్, రాత్రి భయం నాకూ ఉన్నది. పక్క పోర్షన్ల ఉండే అన్నను అడిగిన, బటన్ కొడితే వస్తనన్నడు, గొట్టం ఎట్ల చూడాల్నో మీరన్నట్టు నేర్పిస్త. వారంల ఒక రాత్రి అక్క వచ్చి ఉండొచ్చు, అది నేను పిలిస్తేనే. బావా, హాల్ల కెమెరాకు ఒప్పుకుంటున్న, నా గదిల వద్దు. అకౌంట్ నా పేరు మీదనే.

ముందుగాల తలుపు కావాలె నాకు. ఫ్యాను తర్వాత చూస్త. రెండేండ్లయింది, నా దోస్తులు వస్తే నేను తలుపు తీయలే. వాళ్లు అక్కకు ఫోన్ చేస్తరు, అక్క వచ్చి తీస్తది, అక్క ఉన్నంతసేపు కూసొని పోతరు. వైరింగ్ అన్నా, చెక్క తలుపుకు బయట గొళ్లెం ఉంటే ఏ తాళం పడ్తది? ఓనర్ రేపు పొద్దున వస్తున్నడు, కొలతలు తీసి ఫొటో పెడ్త.