అద్దె ఇంట్లో ఆపిల్ చెట్లు: కాయలు ఎప్పుడు కోయాలి?

బోతెల్ నుంచి, ఆగస్టు 24

అందరికీ నమస్కారం. జూన్‌లో హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చి ఇక్కడ, వాషింగ్టన్ రాష్ట్రంలో, ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పెరట్లో రెండు ఆపిల్ చెట్లున్నాయి. ఏ రకమో ఓనరుకీ తెలీదట, "కాయలన్నీ మీవే" అన్నాడు. వంటింటి కిటికీ ముందున్న చెట్టు కాయలు పసుపుపచ్చగా, ఎర్ర చారలతో ఉన్నాయి, రోజూ నాలుగైదు రాలుతున్నాయి. కంచె పక్క చెట్టువి జూలై నుంచే ఎర్రగా ఊరిస్తున్నాయి. మొన్న అందులో ఒకటి కోసి మా వాడికిస్తే ఒక్క కొరుకు కొరికి "పచ్చి బంగాళాదుంపలా ఉంది నాన్నా" అని వదిలేశాడు. మామిడికాయ అయితే చూసి చెప్పేవాణ్ని. వీటికి లెక్కేంటండీ?

సమ్మామిష్ నుంచి

తమ్ముడూ, మాది నూజివీడు. మామిడి తోటల్లో పెరిగిన దాన్ని కాబట్టి ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ ఆపిల్‌ని మామిడిపండులాగే చూశాను. బొటనవేలితో నొక్కి చూడటం, పచ్చిగా కోసినా మాగబెట్టుకోవచ్చులే అనుకోవడం. రెండూ తప్పే. నొక్కితే మెత్తగా తగిలేదాకా ఆగితే లోపల పిండి పిండి అయిపోయి ఉంటుంది, పైగా నొక్కిన చోట మర్నాటికి కమిలిపోతుంది. మరీ పచ్చిగా కోసినదాన్ని బియ్యం డబ్బాలో పెట్టినా రుచి రాదు, తోలు ముడతలు పడుతుందంతే.

మీ వాడు మాత్రం కరెక్టుగా చెప్పాడు. పచ్చి ఆపిల్‌లో బంగాళాదుంపలో ఉన్నట్టే పిండిపదార్థం ఉంటుంది. పండే కొద్దీ అదే చక్కెరగా మారుతుంది.

ఎరుపుని నమ్మకండి. అది ఎక్కువగా ఎండ తగిలిన వైపు వచ్చే రంగు. కాయని చెట్టు మీదే కొంచెం తిప్పి, ఆకు నీడ పడిన వైపు, తొడిమ గుంట చుట్టూ చూడండి. అక్కడ ఇంకా గడ్డిపచ్చగా ఉంటే టైముంది. ఆ పచ్చదనం విరిగి లేత పసుపుకో వెన్నపూస రంగుకో తిరిగితే దగ్గరపడినట్టు. అప్పుడు కాయని అరచేతిలోకి తీసుకుని పైకెత్తి కొద్దిగా మెలితిప్పండి. పండిందైతే తొడిమతో సహా చేతిలోకి వచ్చేస్తుంది. రాలేదా, వదిలేయండి. పట్టి లాగితే కాయతో పాటు దాన్ని మోస్తున్న పొట్టి కొమ్మ కూడా ఊడొస్తుంది. వచ్చే ఏడాది పూత రావాల్సింది దాని మీదే.

అన్నీ ఒకరోజే కోసేద్దామని బుట్టలు పట్టుకుని బయల్దేరకండి. పైన, బయటివైపు, ఎండ పడే కొమ్మలవి ముందు వస్తాయి, లోపలివి వెనక. నేను మూడు నాలుగు విడతల్లో కోస్తాను.

తేదీల సంగతి. మాకో గ్రావెన్‌స్టీన్ అనే రకం ఆపిల్ చెట్టుంది. మీ చారల కాయ అదే కావచ్చు, ఫొటో పెట్టండి. 2022లో వినాయక చవితి ఆగస్టు 31న పడింది. పాలవెల్లికి కడదామని కోస్తే అమృతమే! సరే, చవితికి కోయాలన్నమాట అని లెక్క కట్టేసుకున్నా. 2023లో అధిక శ్రావణం వచ్చి చవితి సెప్టెంబరు 18కి జరిగింది. నేను పండగ దాకా ఆగాను, చెట్టు ఆగలేదు. సగం గడ్డిలో, మిగతా సగం కొరికితే ఇసకలా. చెట్టుకి అధిక మాసాలు పట్టవు. మన వైపు మామూలుగా గ్రావెన్‌స్టీన్ ఆగస్టు చివర, హనీక్రిస్ప్ సెప్టెంబరు మధ్యలో, ఫ్యూజీ అయితే అక్టోబరు దాకా.

కెంట్ నుంచి

అంత కష్టమెందుకక్కా, ఒకటి కోసి గింజలు చూస్తే సరి. తెల్లగా ఉంటే పచ్చిది, గోధుమ రంగుకి తిరిగితే పండింది. నేను పదేళ్లుగా ఇంతే చేస్తున్నా.

సమ్మామిష్ నుంచి

మీది ఏ రకమో గానీ, అన్నిటికీ అది పనికిరాదండీ. తొందరగా వచ్చే రకాలు కొన్ని గింజ పూర్తిగా రంగు తిరక్కముందే పండుతాయి. ఆలస్యంగా వచ్చేవాటికి గింజ ఎప్పుడో నల్లబడుతుంది, కాయ మాత్రం చెట్టు మీదే ఉండాలి. గింజ ఒక సాక్ష్యం, తీర్పు కాదు. ఇంకోటి, తమ్ముడూ: రాలిన వాటిని కోసి చూడండి. పురుగు పట్టిన కాయ ముందే రంగు తిరిగి ముందే రాలుతుంది. గాలి లేని రోజు కూడా మంచి కాయలు రాలుతున్నాయంటే ఇక ఆలస్యం చేయకండి.

రెడ్మండ్ నుంచి

స్కూల్లో గంజిలో అయొడిన్ వేస్తే నీలంగా మారేది గుర్తుందా? అదే ఇక్కడా. ఫార్మసీలో దొరికే అయొడిన్ కొంచెం నీళ్లలో కలిపి, ఆపిల్‌ని అడ్డంగా కోసి ఆ కోసిన వైపు ఒక నిమిషం ముంచండి. మొత్తం నల్లబడితే పచ్చిది. గింజల చుట్టూ తెల్లగా ఉండి, అంచు వైపు నలుపు మిగిలితే కోసి దాచుకోవడానికి సరైన సమయం. ఎక్కడా నలుపు రాకపోతే దాచకండి, తినేయండి. పరీక్ష చేసిన ముక్క మాత్రం చెత్తబుట్టలోకే.

దాచేవాటిని కన్నాల కవర్లో వేసి ఫ్రిజ్‌లో, కొత్తిమీర, క్యారెట్లకు దూరంగా పెట్టండి. ఆపిల్స్ వదిలే గాలికి కొత్తిమీర పసుపెక్కుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది.

ఇసక్వా నుంచి

రెండు జాగ్రత్తలు. రాలినవి రాత్రి దాకా ఉంచకండి, మా వీధిలో వాటికోసం ఎలుగుబంటి వచ్చింది. ఇంటి కాయలు ఆపిల్ తోటలుండే యాకిమా, వెనాచీ వైపు ఫ్రెండ్స్‌కి పట్టుకెళ్లకండి. మన కౌంటీలు (జిల్లాల్లాంటివి) ఆపిల్ పురుగు క్వారంటైన్‌లో ఉన్నాయి, హైవే మీద బోర్డులు కూడా ఉంటాయి.

బోతెల్ నుంచి, ఆగస్టు 29

అందరికీ థాంక్స్. అయొడిన్ పరీక్ష మా వాడే చేశాడు. చారల కాయకి మధ్యలో తెల్లటి నక్షత్రం, చుట్టూ నలుపు. ఎత్తి తిప్పితే పదకొండు వచ్చాయి, మిగతావి రానన్నాయి, వదిలేశాం. ఒకటి మొత్తం తినేశాడు. కంచె పక్కది మాత్రం పైకి ఎర్రగా, లోపల కాటుకలా నల్లగా. పై కొమ్మలవి అందడం లేదు. ఎవరి దగ్గరైనా నిచ్చెన ఉందా?

సమ్మామిష్ నుంచి

మా గరాజ్‌లో ఉంది, శనివారం పట్టుకెళ్లండి. వచ్చేటప్పుడు ఆ కంచె పక్క పచ్చి కాయలు ఓ నాలుగు తెండి. పులుపు తగిలితే తురిమి పులిహోర కలుపుతాను.