పికప్ వెనక ఎల్‌ఎస్‌డీ: ప్లేట్లు మార్చాలా, గేర్ల రకం వేయాలా?

ప్రశ్న (రాయగడ)

అన్నలకు నమస్తే. ఫోర్ బై ఫోర్ డబుల్ క్యాబ్ పికప్, 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. వెనక హౌసింగ్‌లో (యాక్సిల్ గూడులో) కంపెనీ ఇచ్చిన ప్లేట్ల రకం ఎల్‌ఎస్‌డీయే ఉంది, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. అల్లం, పసుపు బస్తాలు 800 కిలోల దాకా లోడు, వారానికి రెండుసార్లు సుంకి ఘాట్ దిగి సాలూరు. రెండు కష్టాలు. ఎర్రమట్టి బురదలో ఒక చక్రం గోతిలో పడితే అదొక్కటే ఉత్తినే తిరుగుతోంది, రెండోది కదలదు. సంత దగ్గర బండి మళ్లించేటప్పుడు ఫుల్ కటింగ్ మీద వెనక నుంచి గర్ర్ గర్ర్ అని అదురుతోంది. ప్లేట్లు మార్చమంటారా, హెలికల్ గేర్ల ఎల్‌ఎస్‌డీ వేయమంటారా, చక్రం జారగానే రెండింటినీ తనంతట కట్టేసే ఆటో లాకర్ వేయమంటారా?

జవాబు (జయపురం)

తమ్ముడూ, ఏదీ కొనకు. ముందు కొలువు.

చదునైన గచ్చు మీద బండి నిలిపి, ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టు. గేరు న్యూట్రల్, ట్రాన్స్‌ఫర్ లివరు టూ హైలో (వెనక చక్రాలకే బలం), హ్యాండ్‌బ్రేకు వదిలెయ్. వెనక ఒక్క చక్రం లేపి హౌసింగ్ కింద స్టాండ్ పెట్టు, రెండోది నేల మీదే ఉండాలి. లేపిన వైపు హబ్ బోల్టులకు అడ్డంగా ఒక ఇనుప పట్టీ బిగించి, దాని సరిగ్గా నడిమధ్య నట్టు వెల్డు పెట్టించు. ఆ నట్టుకు టార్క్ రెంచ్ తగిలించి నిదానంగా తిప్పు. కదిలిన క్షణం కాదు, తిరుగుతుండగా నిలకడగా ఎంత చూపుతోందో అది రాసుకో. నీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. అయినా 27 న్యూటన్ మీటర్ల లోపు వస్తే ఇంత లోడు లాగే బండికి ప్లేట్లు అయిపోయినట్టే లెక్క.

టార్క్ రెంచ్ దొరక్కపోతే వెనక రెండు చక్రాలూ లేపి ఒకదాన్ని చేత్తో తిప్పు. రెండోది అదే దిక్కుకు తిరిగితే ప్లేట్లలో ఇంకా పట్టు ఉంది. ఎదురు దిక్కుకు తిరిగితే ఎల్‌ఎస్‌డీ పేరుకే ఉంది, మామూలు డిఫరెన్షియల్‌తో సమానం. ఈ పరీక్ష ప్లేట్ల రకానికే. హెలికల్ రకంలో కొన్ని బాగున్నా ఎదురే తిరుగుతాయి.

అలాగే ఆయిల్ ప్లగ్ విప్పి చూడు. రంగు, వాసన, అయస్కాంతానికి ఏం పట్టిందో చెప్పు.

రాయగడ

18 వచ్చింది అన్నా. ఆయిల్ నల్లగా, మాడు వాసన. అయస్కాంతానికి ముద్దలా మెత్తటి బూడిద, ముక్కలేం లేవు. కిందటిసారి మామూలు జీఎల్-5 85డబ్ల్యూ-140 గేరాయిల్ పోశారు. పట్టు పోయాక మళ్లీ అదురెందుకు?

జయపురం

రెండూ ఒకే జబ్బు. ప్లేట్ల రకం ఎల్‌ఎస్‌డీలో ఒక ఫ్రిక్షన్ ప్లేటు, ఒక స్టీలు ప్లేటు, మళ్లీ ఫ్రిక్షన్, అలా వరస ఉంటుంది. ఒకదానికి లోపల పళ్లు, యాక్సిల్ వైపు గేరుతో తిరుగుతుంది. ఇంకోదానికి బయట చెవులు, కేజ్‌తో (డిఫరెన్షియల్ బయటి డొల్లతో) తిరుగుతుంది. మలుపులో ఈ రెండూ ఒకదాని మీద ఒకటి జారాలి. ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్లు సాఫీగా జారేలా ఆయిల్‌లో కలిపే మందు) లేని ఆయిల్‌లో జారవు, పట్టుకుని వదులుతాయి, పట్టుకుని వదులుతాయి. నీకు వినిపించే గర్ర్ అదే. అలా నెలల తరబడి నడిస్తే ప్లేటు మొహం గాజులా నున్నబడుతుంది, మందం తగ్గుతుంది, స్ప్రింగు నొక్కుడు చాలదు. అందుకే బురదలో పట్టదు. మెత్తటి బూడిదే ఉందంటే గేర్లు బతికున్నాయి. చెక్కులు, పంటి ముక్కలు ఉంటే కథ వేరు.

జవాబు (పర్లాకిమిడి)

ఏది వేయాలన్నదానికి ఒక లెక్క చెబుతాను. బురదలో చక్రం జారకముందు 200 న్యూటన్ మీటర్లు మాత్రమే తట్టుకుంటుందనుకోండి. మామూలు డిఫరెన్షియల్ రెండోవైపుకీ 200 మాత్రమే ఇస్తుంది, మొత్తం 400. హెలికల్ రకం పట్టు నిష్పత్తి 3 అనుకుంటే రెండోవైపుకు 600, మొత్తం 800. బాగుంది. కానీ చక్రం పూర్తిగా గాల్లో ఉంటే అటు సున్నా, సున్నాను మూడుతో హెచ్చించినా సున్నాయే. అప్పుడు హ్యాండ్‌బ్రేకు రెండు మూడు క్లిక్కులు లాగాలి. బ్రేకు ఒక్కో చక్రానికి 150 పట్టిందనుకుందాం. గాల్లో చక్రం వైపు 150, రెండోవైపుకు 450, అందులో బ్రేకు తినే 150 పోను 300 నేలకు అందుతుంది. మాన్యువల్ హ్యాండ్‌బ్రేకు ఉన్న బండికి ఇది పనికొచ్చే కిటుకు.

ప్లేట్ల రకానికి స్ప్రింగు బలం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి చక్రం గాల్లో ఉన్నా కొంత అందుతుంది. ప్లేట్లు అరుగుతాయి, అదే దాని లోటు. హెలికల్‌లో అరిగే ప్లేట్లు లేవు, మాడిఫయర్ అక్కర్లేదు, మలుపులో చప్పుడుండదు.

ఆటో లాకర్ సంగతి. 2015లో మహీంద్రా థార్‌కు వెనక వచ్చిన ఈటన్ మెకానికల్ లాక్ రెండు చక్రాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా రాగానే పూర్తిగా కట్టేస్తుంది, గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగం దాటితే కట్టదు. బురదకు అంతకు మించింది లేదు. అయితే లోడుతో గుంజుతుండగా అది టప్పున కడితే యాక్సిల్ షాఫ్ట్ మీద పడే దెబ్బ పెద్దది. మీ హౌసింగ్ కోసమే తయారైన యూనిట్ దొరికితే తప్ప వద్దు. డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు (స్టార్ పినియన్లు) వెల్డింగ్ చేయించమని ఎవరైనా అంటే వినకండి. ఘాట్ మలుపుల్లో టైర్లు చెక్కుకుపోతాయి, షాఫ్ట్ విరుగుతుంది.

వారానికి రెండుసార్లు ఘాట్, మధ్యలో బురద. మీకు నా మాట ప్లేట్ల సెట్టే. గోతులు తక్కువై తారు రోడ్డు ఎక్కువైతే హెలికల్ అనేవాణ్ని.

రాయగడ

ప్లేట్లకే మొగ్గు. సెట్ కొనేముందు ఏమేం సరిపోల్చాలి?

జవాబు (బరంపురం)

ప్లేట్ల సెట్‌కు ఫ్రిక్షన్, స్టీలు రెండూ కొత్తవి తీసుకోండి, స్ప్రింగుతో సహా. ఒక్క ఫ్రిక్షన్ ప్లేట్లే మార్చి మాడిన స్టీలు వాడితే డబ్బు దండగ. పాతవి విప్పినప్పుడు వరస ఫోటో తీయండి. పట్టు ఎక్కువ కావాలని అదనంగా ఒక ఫ్రిక్షన్ ప్లేటు ఇరికించొద్దు, ప్రతి మలుపులో టైరు కీచుమంటుంది.

పూర్తి యూనిట్ మార్చేవాళ్లు మాత్రం నాలుగు చూడాలి: యాక్సిల్ పళ్ల సంఖ్య, క్రౌన్ (కేజ్‌కు బిగించే పెద్ద పళ్ల చక్రం) బోల్టుల సంఖ్య-దూరం, సైడ్ బేరింగ్ లోపలి కొలత, క్రౌన్ నిష్పత్తి. నిష్పత్తి క్రౌన్ మీదే ఉంటుంది, క్రౌన్‌కు 41 పళ్లు, దాన్ని తిప్పే పినియన్‌కు 10 అంటే 4.1. కొన్ని హౌసింగ్‌లలో నిష్పత్తిని బట్టి కేజ్ అంచు మందం మారుతుంది. విశాఖ ఆటోనగర్‌లో పాత యూనిట్ కొనేటప్పుడు ఇవి నోటిమాటగా నమ్మకుండా కాలిపర్‌తో కొలవండి.

జయపురం

పని వరస రాస్తాను, మెకానిక్ పక్కన నిలబడి చూసుకో.

చక్రాలు, డ్రమ్ములు తీశాక బ్యాక్‌ప్లేటు నట్లు విప్పి యాక్సిల్ షాఫ్ట్‌లు 15 సెంటీమీటర్లు బయటికి లాగితే చాలు, లోపలి గేరు వదులుతుంది. బ్రేకు పైపు వేలాడనివ్వొద్దు. ఎలాగూ లాగారు కాబట్టి ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించు. 

డిఫరెన్షియల్ బయటికి తీసేముందే డయల్ గేజ్ పెట్టి క్రౌన్ ప్లే (క్రౌన్, పినియన్ పళ్ల మధ్య సందు) కొలిచి రాసుకోవాలి. చాలామంది ఇది వదిలేస్తారు, తర్వాత గుయ్‌మని అరుపు వస్తే కారణం దొరకదు. వాడిన క్రౌన్-పినియన్ ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి, మళ్లీ అదే ప్లేకి రావాలి. కొత్తవాటికి సాధారణంగా 0.13 నుంచి 0.20 మి.మీ. బేరింగ్ క్యాపుల మీద పంచ్‌తో గుర్తు కొట్టాలి, ఎడమది కుడికి పోకూడదు. రెండువైపుల షిమ్ములు (సందు సర్దే పల్చటి రేకులు) వేరువేరు సంచుల్లో.

క్రౌన్ బోల్టుల తల మీద ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఉందేమో చూడండి, ఉంటే ఎడమ మర. మామూలు మర అనుకుని బలం పెడితే తల విరుగుతుంది. తిరిగి వేసేటప్పుడు కొత్త బోల్టులు, థ్రెడ్‌లాక్, ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో మాన్యువల్ టార్క్. సైడ్ బేరింగ్ మార్చాల్సివస్తే నూనెలో వేడిచేసి తొడగాలి, సుత్తితో కాదు.

ఫ్రిక్షన్ ప్లేట్లు మాడిఫయర్ కలిపిన ఆయిల్‌లో రాత్రంతా నాననివ్వు. కనీసం అరగంట. పొడి ప్లేట్లు వేస్తే మొదటి మలుపులోనే కాలతాయి.

పినియన్ కదపలేదు కాబట్టి దాని లోతు సర్దే పని లేదు. ప్లే మాత్రం క్రౌన్‌కు నాలుగు చోట్ల కొలవాలి, చోటుకీ చోటుకీ 0.05 మించి తేడా వస్తే కేజ్ అంచుకీ క్రౌన్‌కీ మధ్య మట్టి కణం ఇరుక్కుంది, విప్పి తుడవాలి. తర్వాత పళ్లకు ప్రషియన్ బ్లూ (ముద్ర చూసే నీలి రంగు) పూసి తిప్పితే ముద్ర పంటి మధ్యలో పడాలి.

బరంపురం

ఒక హెచ్చరిక. ఎల్‌ఎస్‌డీ ఉన్న బండికి ఒక్క వెనక చక్రం లేపి ఇంజన్‌తో గేరులో తిప్పకండి. నేల మీదున్న చక్రం లాగుతుంది, బండి జాకీ దిగి ముందుకు దూకుతుంది. చప్పుడు వినాలంటే వెనక రెండూ స్టాండ్‌ల మీద ఉండాలి, కింద ఎవరూ ఉండకూడదు.

రాయగడ

ఆయిల్ ఏది, ఎంత?

జయపురం

హౌసింగ్‌లో పైన ఉన్న ఫిల్లర్ ప్లగ్ రంధ్రం కింది అంచు దాకా. ఈ లోడుకు, ఘాట్‌కు జీఎల్-5 85డబ్ల్యూ-140 మంచిదే, తప్పల్లా మాడిఫయర్ లేకపోవడం. లీటరు డబ్బా మీద ఎల్‌ఎస్ అని రాసి ఉంటే అందులోనే కలిసి ఉంది, పైనుంచి పోయొద్దు. లేకపోతే 120 మి.లీ. సీసాలో సగం ముందు పోసి, ఖాళీ మైదానంలో నిదానంగా ఎనిమిది అంకె ఆకారంలో పది పదిహేనుసార్లు తిప్పు. గర్ర్ ఉంటే మిగతా సగం. అంతకు మించితే ప్లేట్లు జారుతాయి, మళ్లీ మొదటికొస్తావ్. 800 కిలోమీటర్లకు ఆ ఆయిల్ దింపేసి కొత్తది పోయాలి, మొదటి అరుగుదల బూడిదంతా అందులోనే ఉంటుంది.

పర్లాకిమిడి

వెనక రెండు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల, ఒకే గాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే తిన్నటి రోడ్డు మీద కూడా ప్లేట్లు రోజంతా జారుతూనే ఉంటాయి. వాన పడ్డ ఘాట్ మలుపులో ఖాళీ బండితో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కకండి, రెండు చక్రాలూ కలిసి జారితే వెనక భాగం పక్కకు ఊడ్చుకుపోతుంది. ఇంకోటి, గెడ్డలు దాటే బండి కదా, హౌసింగ్ మీద బ్రీదర్ (లోపలి గాలి పోయే రంధ్రం) మట్టితో పూడిందేమో చూసి, దానికి రబ్బరు పైపు తొడిగి ఛాసిస్ పైకి కట్టించండి. వేడి హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగినప్పుడు సీలు సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే వాయిదా వెయ్యక ఆ రోజే మార్చండి.